పారామెడిక్ వృత్తికి ఉమ్మడి పరిశోధనా ప్రాధాన్యాలు: గోదావరి డెల్టా

ప్రమాదం జరిగిన చోటు నుంచి ఆస్పత్రి గుమ్మం దాకా రోగిని కాపాడే సిబ్బంది పనిలో ఏ సందేహాలకు ముందుగా శాస్త్రీయమైన జవాబు వెతకాలి? ఆ సిబ్బంది, రోగులు, వారి కుటుంబాలు, వైద్యులు, ప్రభుత్వం ఒక చోట చేరి దీన్ని తేల్చుకోవడాన్నే పారామెడిక్ వృత్తికి ఉమ్మడి పరిశోధనా ప్రాధాన్యాల నిర్ణయం అంటారు. పరిశోధనకు డబ్బు, మనుషులు, సమయం ఎప్పుడూ చాలవు. అందుకే ప్రశ్నలకు ఒక వరుస పెట్టుకోక తప్పదు. ఆ వరుసను ఎవరు, ఏ పద్ధతిలో నిర్ణయించారన్నదాన్ని బట్టి దాని విలువ ఉంటుంది. అమెరికా, కెనడా, బ్రిటన్‌లలో ఇలాంటి జాబితాలు 2001 నుంచి వెలువడుతున్నాయి. గోదావరి డెల్టాకు ఈ విషయంలో రెండు ప్రత్యేకతలు ఉన్నాయి. 108 అంబులెన్సు సేవను ఆరంభించిన సంస్థ వ్యవస్థాపకుడి మూలాలు ఇక్కడివే. పల్లెల్లో మరణాలకు కారణాలేమిటో ఇంటింటికీ తిరిగి లెక్కగట్టిన అధ్యయనం కూడా ఇక్కడే జరిగింది.

వృత్తి, పరిధి

తెలుగునాట పారామెడికల్ అనగానే ల్యాబ్ టెక్నీషియన్, ఎక్స్‌రే టెక్నీషియన్, ఫార్మసిస్టు అందరూ గుర్తుకొస్తారు. ఈ వ్యాసం పరిమితమయ్యేది అంబులెన్సులో పనిచేసే అత్యవసర వైద్య సిబ్బందికి. 108 వాహనంలో ఇద్దరుంటారు. రోగిని చూసుకునే వ్యక్తిని ఈఎంటీ (ఎమర్జెన్సీ మెడికల్ టెక్నీషియన్) అని, బండి నడిపే వ్యక్తిని పైలట్ అని పిలుస్తారు. వీరి వెనక కాల్ సెంటర్లో ఫోనెత్తే ఉద్యోగి, ఫోన్‌లోనే సలహా ఇచ్చే వైద్యుడు ఉంటారు. ఊళ్లో ఆశా కార్యకర్త, ఏఎన్ఎం, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం (పీహెచ్‌సీ) స్టాఫ్ నర్సు ఈ గొలుసులో భాగమే. ప్రాణం నిలబడటం చాలాసార్లు వీళ్ల మధ్య సమన్వయం మీదే ఆధారపడుతుంది.

ఈఎంటీ ఉద్యోగాల్లోకి సైన్సు డిగ్రీ, నర్సింగ్, ఫార్మసీ చదివినవారిని తీసుకుని, కొన్ని వారాల ప్రాథమిక శిక్షణ ఇచ్చి బండెక్కించడం 108 ఆరంభం నుంచీ ఉన్న పద్ధతి. వృత్తికి జాతీయ స్థాయిలో చట్టబద్ధమైన గుర్తింపు చాలా ఆలస్యంగా వచ్చింది. 2021 మార్చిలో చట్టమైన జాతీయ అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల కమిషన్ చట్టం ఎమర్జెన్సీ మెడికల్ టెక్నాలజిస్టును, అడ్వాన్స్ కేర్ పారామెడిక్‌ను ఆరోగ్య వృత్తుల జాబితాలో చేర్చింది. రిజిస్టరు, పాఠ్యప్రణాళిక, ప్రమాణాలు ఈ చట్టం కిందికి వస్తాయి. నర్సింగ్‌కు, వైద్యానికి ఉన్నట్టే ఈ వృత్తికీ సొంత విజ్ఞానం కావాలంటే సొంత పరిశోధన ఉండాలి. ప్రాధాన్యాల చర్చ అక్కడే మొదలవుతుంది.

108 నేపథ్యం

ఎమర్జెన్సీ మేనేజ్‌మెంట్ అండ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో 108 సేవ ప్రారంభించింది. సంస్థ పేరులో పరిశోధన కూడా ఉండటం గమనించదగ్గది. వ్యవస్థాపకుడు సత్యం కంప్యూటర్స్ అధిపతి బైర్రాజు రామలింగరాజు. ఆ కుటుంబానిది భీమవరం దగ్గరి గరగపర్రు. తండ్రి పేరిట ఆ కుటుంబం 2001లో నెలకొల్పిన బైర్రాజు ఫౌండేషన్ డెల్టా పల్లెల్లో ఆరోగ్య కార్యక్రమాలు నడిపింది. 108 కొద్ది కాలంలోనే ఉమ్మడి రాష్ట్రమంతటా విస్తరించింది. అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి సభల్లో 'కుయ్ కుయ్' అంటూ సైరన్‌ను అనుకరించడం జనం నోళ్లలో నానింది. సత్యం కుంభకోణం 2009 జనవరిలో బయటపడ్డాక సంస్థ బాధ్యతను జీవీకే గ్రూపు తీసుకుంది. ఇదే నమూనా గుజరాత్ మొదలుకొని అనేక రాష్ట్రాలకు పాకింది.

ఆంధ్రప్రదేశ్‌లో నిర్వహణ 2017లో బీవీజీ సంస్థకు, 2020 జులైలో అరబిందో ఎమర్జెన్సీ మెడికల్ సర్వీసెస్‌కు మారింది. నిర్వాహకులు మారినప్పుడల్లా సాఫ్ట్‌వేర్, రోగి వివరాల ఫారాలు, శిక్షణ పద్ధతులు కూడా మారే అవకాశం ఉంటుంది. ఇరవై ఏళ్ల సమాచారాన్ని ఒకే వరుసలో చదవాలనుకునే పరిశోధకులకు మొదటి చిక్కు ఇదే. 2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్విభజన రెండో చిక్కు తెచ్చింది. పాత తూర్పు గోదావరి నుంచి కాకినాడ, కోనసీమ జిల్లాలు వేరయ్యాయి. రంపచోడవరం ఏజెన్సీ అల్లూరి సీతారామరాజు జిల్లాలో కలిసింది. పాత పశ్చిమ గోదావరి నుంచి ఏలూరు జిల్లా వచ్చింది. తూర్పు గోదావరి అనే పేరుతో 2010లో ఉన్న లెక్కనూ 2023లో ఉన్న లెక్కనూ పోల్చితే రెండు వేర్వేరు భూభాగాలను పోల్చినట్టవుతుంది. మండలం స్థాయిలో లెక్కలు కట్టినప్పుడే పోలిక నిలుస్తుంది.

డెల్టా స్థితిగతులు

ధవళేశ్వరం దగ్గర గోదావరి గౌతమి, వసిష్ఠ పాయలుగా చీలుతుంది. వసిష్ఠ నుంచి వైనతేయ పుడుతుంది. 1852లో ఆనకట్ట పూర్తయ్యాక కాలువల కింద సార్వా, దాళ్వా పంటలతో ఈ నేల రాష్ట్రానికి అన్నపూర్ణ అయింది. అత్యవసర వైద్యం దృష్టితో చూస్తే ఇక్కడ నాలుగు వేర్వేరు ప్రాంతాలున్నాయి. రావులపాలెం, తణుకు, తాడేపల్లిగూడెం మీదుగా 16వ నంబరు జాతీయ రహదారి సాగే మెట్ట, డెల్టా పట్టణాలు ఒకటి. ఇరుకు గట్ల మీద రోడ్లు, అడుగడుగునా వంతెనలు, ఊరి చుట్టూ చెరువులు ఉన్న పల్లెలు రెండోది. ఏటి మధ్య లంకలు, సముద్ర తీర గ్రామాలు మూడోది. నర్సాపురం, సఖినేటిపల్లి మధ్య నేటికీ పంటు మీదే ఏరు దాటుతారు. పాపికొండల అవతల ఏజెన్సీ నాలుగోది. రోడ్డు లేని కొండపల్లెల నుంచి గర్భిణులను డోలీలో మోసుకొచ్చి అంబులెన్సు ఎక్కించాల్సి వస్తుంది. ఇలాంటి చోట్లకు రాష్ట్ర ప్రభుత్వం 2018లో బైక్ అంబులెన్సులను పంపింది.

108 బండి పట్టణాల్లో 15 నిమిషాల్లో, పల్లెల్లో 20, ఏజెన్సీలో 30 నిమిషాల్లో చేరాలన్నది రాష్ట్రంలో పెట్టుకున్న లక్ష్యం. బండి రోడ్డు చివరికి చేరిన క్షణం నమోదవుతుంది. రోగి ఆ రోడ్డు చివరికి ఎలా వచ్చాడో, ఎంతసేపు పట్టిందో ఆ లెక్కలోకి రాదు.

వరదలు, తుపాన్లు ఈ దారుల పటాన్ని ఏడాదికోసారి చెరిపేస్తుంటాయి. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 35 లక్షల క్యూసెక్కులు దాటింది. 2022 జులైలో సుమారు 25.8 లక్షల క్యూసెక్కులు వచ్చింది. 1996 నవంబరు 6 రాత్రి తీరం దాటిన తుపాను కోనసీమను కకావికలం చేసి వెయ్యిమందికి పైగా ప్రాణాలు తీసింది.

ఇప్పటివరకు జరిగిన పరిశోధన

డెల్టాకు సంబంధించి పునాది లాంటిది ఆంధ్రప్రదేశ్ రూరల్ హెల్త్ ఇనిషియేటివ్ అధ్యయనం. జార్జ్ ఇన్‌స్టిట్యూట్, బైర్రాజు ఫౌండేషన్, మరికొన్ని సంస్థలు కలిసి ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో ఏడాదిపాటు ప్రతి మరణాన్నీ నమోదు చేశాయి. శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు ఇళ్లకు వెళ్లి, చనిపోయేముందు ఏమేం లక్షణాలు కనిపించాయో కుటుంబాన్ని అడిగి తెలుసుకున్నారు. 2006లో వెలువడిన ఫలితాల ప్రకారం నమోదైన 1,354 మరణాల్లో గుండె, రక్తనాళాల జబ్బుల వాటా 32 శాతం, గాయాలు, ప్రమాదాలు, ఆత్మహత్యల వంటి బాహ్య కారణాల వాటా 13 శాతం. అంటువ్యాధులు 12 శాతం దగ్గరే ఆగాయి. పల్లెల్లో జనం అంటురోగాలతోనే పోతారనే పాత నమ్మకం ఈ లెక్కతో సడలింది. గుండెపోటు, పక్షవాతం, గాయం అన్నీ గంటల్లో తేలిపోయే జబ్బులు. కాబట్టి ఈ అంకెలు అంబులెన్సు సేవ అవసరాన్ని పరోక్షంగా లెక్కగట్టినట్టే.

జార్జ్ ఇన్‌స్టిట్యూట్ తర్వాత పశ్చిమ గోదావరిలోని 18 పీహెచ్‌సీల పరిధిలో ఆశా కార్యకర్తల చేతికి ట్యాబ్‌లిచ్చి, గుండెజబ్బు ముప్పు ఎక్కువున్నవారిని గుర్తించే ప్రయోగం చేసింది. 2019లో ప్రచురించిన ఫలితాల్లో రక్తపోటు అదుపులో ఆశించిన తేడా కనబడలేదు. ముప్పును గుర్తించినంత మాత్రాన మందు చేతికందదు, అందినా క్రమం తప్పకుండా వాడటం మరో సమస్య అని ఈ ప్రయోగం చూపింది.

108 సమాచారం ఆధారంగా జరిగిన పరిశోధనలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం పాత్ర పెద్దది. ఆ విశ్వవిద్యాలయ సహకారంతో పారామెడిక్‌లకు రెండేళ్ల పోస్ట్ గ్రాడ్యుయేట్ కోర్సు 2007లో హైదరాబాద్‌లో మొదలైంది. నెలలు నిండే దశలో 108కి ఫోన్ చేసిన గర్భిణులపై 2014లో ఆంధ్రప్రదేశ్ సహా అయిదు రాష్ట్రాల్లో జరిపిన అధ్యయనంలో 1,684 మంది వివరాలు సేకరించారు. ప్రసవం తర్వాత 42వ రోజున కూడా వారిలో 94 శాతం మంది ఫోన్‌లో దొరికారు. రోగిని ఆస్పత్రిలో దింపాక ఏమైందో తెలుసుకోవడం మన దగ్గర సాధ్యం కాదనే వాదనకు ఇది జవాబు. ఆంధ్రప్రదేశ్, గుజరాత్‌లలో 108 సేవ రాకకూ శిశు మరణాల తగ్గుదలకూ సంబంధం ఉందని 2016లో మరో అధ్యయనం చూపింది.

ఈ పరిశోధనల్లో ప్రశ్నలు వేసినవారు ఎక్కువగా వైద్యులు, విశ్వవిద్యాలయాల ఆచార్యులు. ఈఎంటీలు సమాచారం సేకరించారు, రోగులు వివరాలు చెప్పారు. ఉమ్మడి ప్రాధాన్యాల పద్ధతిలో వీరిద్దరూ ప్రశ్నలు వేసే వైపు కూర్చుంటారు.

పరిశోధన ఎందుకు

అంబులెన్సులో చేసే పనుల్లో చాలా భాగం ఆస్పత్రి అలవాట్లను రోడ్డు మీదికి తెచ్చినవే. అవి అక్కడ పనికొస్తాయో లేదో పరీక్షించినప్పుడు ఆశ్చర్యపరిచే ఫలితాలు వచ్చాయి. గుండె ఆగిన రోగులకు త్వరగా షాక్ ఇచ్చే ఏర్పాటు అప్పటికే ఉన్న చోట, ఉన్నత స్థాయి వైద్య ప్రక్రియలు జోడించినా బతికినవారి సంఖ్య పెరగలేదని కెనడాలోని అంటారియోలో జరిగిన పరిశోధన 2004లో తేల్చింది. బ్రిటన్‌లో 8,000 మందికి పైగా అలాంటి రోగులపై జరిగిన పారామెడిక్-2 ప్రయోగం ఫలితాలు 2018లో వచ్చాయి. అడ్రినలిన్ ఇచ్చినవారిలో 3.2 శాతం, ఇవ్వనివారిలో 2.4 శాతం 30 రోజులకు సజీవంగా ఉన్నారు. అయితే బతికినవారిలో తీవ్రమైన మెదడు దెబ్బ అడ్రినలిన్ ఇచ్చినవారిలోనే ఎక్కువగా కనిపించింది. ప్రాణం దక్కడం, తెలివితో బతకడం రెండూ ఒకటి కావని, ఏది కావాలో రోగులను, కుటుంబాలను కూడా అడగాలని ఈ ఫలితం గుర్తుచేసింది.

మరోవైపు, భారత్ సహా 40 దేశాల్లో 20,211 మంది క్షతగాత్రులతో జరిగిన క్రాష్-2 ప్రయోగం 2010లో రక్తస్రావాన్ని తగ్గించే చవకైన ట్రానెక్సామిక్ యాసిడ్ ప్రాణాలు కాపాడుతుందని నిరూపించింది. గాయమైన మూడు గంటల లోపు ఇస్తేనే మేలు, దాటితే మేలు లేదని తర్వాతి విశ్లేషణ చెప్పింది. దగ్గర్లో పెద్దాస్పత్రి లేని ప్రాంతంలో ఆ మూడు గంటలు ఎక్కడ ఖర్చవుతున్నాయన్నదే స్థానిక పరిశోధనాంశం అవుతుంది.

ప్రాధాన్యాలు తేల్చే పద్ధతులు

ప్రచారంలో ఉన్నవాటిలో మూడు ముఖ్యమైనవి.

డెల్ఫీ పద్ధతి అమెరికాలోని ర్యాండ్ సంస్థలో 1950ల్లో రూపుదిద్దుకుంది. నిపుణులకు విడివిడిగా ప్రశ్నావళి పంపుతారు. అందరి జవాబుల సారాంశాన్ని, పేర్లు లేకుండా, మళ్లీ వారికే పంపి అభిప్రాయం మార్చుకుంటారేమో అడుగుతారు. రెండు మూడు దఫాల్లో ఏకాభిప్రాయం ఏర్పడుతుంది. పై అధికారి ఎదుట నోరు మెదపని ఉద్యోగి కూడా ఇందులో నిర్భయంగా రాయగలడు. బ్రిటన్‌లో 2009లో ఈ పద్ధతిలో చేసిన కసరత్తులో, బండి ఎన్ని నిమిషాల్లో చేరిందన్న కొలతకు బదులు మెరుగైన కొలతలు కనిపెట్టాలన్నది పై స్థాయిలో నిలిచింది.

జేమ్స్ లిండ్ అలయెన్స్ పద్ధతి 2004 నుంచి బ్రిటన్‌లో అమల్లో ఉంది. 1747లో నావికుల స్కర్వీ వ్యాధికి నిమ్మజాతి పండ్లు పనిచేస్తాయని ప్రయోగంతో చూపిన ఓడ వైద్యుడి పేరు దానికి పెట్టారు. రోగులు, సంరక్షకులు, వైద్య సిబ్బంది సమాన హోదాలో ప్రశ్నలు పంపుతారు. ఇప్పటికే జవాబు దొరికినవాటిని పక్కన పెడతారు. మిగిలినవాటికి ఓటింగ్ జరిపి, చివరి సమావేశంలో పది ప్రశ్నల జాబితా ఖరారు చేస్తారు. మందుల కంపెనీలకు, పరిశోధన మాత్రమే వృత్తిగా ఉన్నవారికి ఓటు ఉండదు.

సీహెచ్ఎన్ఆర్ఐ (శిశు ఆరోగ్య, పోషకాహార పరిశోధనా చొరవ) పద్ధతిలో ప్రతి ప్రశ్నకూ మార్కులు వేస్తారు. జవాబు దొరుకుతుందా, దొరికిన పరిష్కారం పనిచేస్తుందా, జనానికి అందించగలమా, జబ్బు భారం ఎంత తగ్గుతుంది, పేదలకూ వెనకబడినవారికీ మేలు చేరుతుందా అనేవి కొలమానాలు. మన దేశంలో పెద్ద ఎత్తున వాడింది ఈ పద్ధతినే. మాతా శిశు ఆరోగ్యం, పోషకాహారంపై భారత వైద్య పరిశోధనా మండలి (ఐసీఎంఆర్), ఇన్‌క్లెన్ సంస్థలు 256 సంస్థల నిపుణులను కలుపుకొని నాలుగు వేలకు పైగా ఆలోచనలను వడపోసి 2017లో ఫలితాలు ప్రకటించాయి. పారామెడిక్ వృత్తికి అలాంటి కసరత్తు చేయడానికి దేశీయ నమూనా సిద్ధంగా ఉందన్నమాట.

అమెరికా జాతీయ అత్యవసర వైద్య సేవల పరిశోధనా ప్రణాళిక 2001లో, కెనడా ప్రణాళిక 2013లో వెలువడ్డాయి. వృత్తిలో పరిశోధకులను తయారు చేసుకోవాలని, అంబులెన్సు సమాచారాన్ని ఆస్పత్రి సమాచారంతో ముడిపెట్టాలని ఇలాంటి ప్రణాళికలు చెబుతూ వచ్చాయి.

డెల్టాలో పరిశోధన కోరే రంగాలు

పాముకాటు. 2000–2019 మధ్య దేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారని, ఏటా సగటున 58 వేల మరణాలని 2020లో వెలువడిన అధ్యయనం అంచనా వేసింది. భారం ఎక్కువున్న ఎనిమిది రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. 2030 నాటికి మరణాలను సగానికి తగ్గించాలని కేంద్రం 2024 మార్చిలో జాతీయ కార్యాచరణ ప్రణాళిక ప్రకటించింది. ఊడ్పులు, కోతల వేళ చేలల్లో, నేలమీద పడుకున్న ఇళ్లలో కాట్లు పడతాయి. రక్తపింజరి కాటులో రక్తం గడ్డకట్టదు, మూత్రపిండాలు దెబ్బతింటాయి. కట్లపాము కాటులో ఊపిరి కండరాలు చచ్చుబడతాయి. విరుగుడు ఇంజెక్షన్ ఉన్న దగ్గరి పీహెచ్‌సీకి ముందు తీసుకెళ్లాలా, వెంటిలేటర్ ఉన్న దూరపు ఆస్పత్రికి నేరుగా వెళ్లాలా? ఈఎంటీ నిమిషాల్లో తేల్చుకోవాల్సిన విషయమిది. మంత్రగాడి దగ్గర, ఆర్ఎంపీ దగ్గర పోయే సమయం ఎంతో తెలిస్తే ప్రచారం ఎక్కడ మొదలుపెట్టాలో తెలుస్తుంది.

గుండెపోటు, పక్షవాతం. మరణాల్లో మూడో వంతుకు దగ్గరగా ఉన్న రంగమిది. పక్షవాతంలో గడ్డ కరిగించే మందుకు నాలుగున్నర గంటల గడువుంది. గుండెపోటుకు చిన్నాస్పత్రిలోనే అలాంటి మందు ఇచ్చి, ఆ తర్వాత పెద్దాస్పత్రికి పంపే హబ్ అండ్ స్పోక్ పద్ధతి రాష్ట్రంలో మొదలైంది. బండిలోనే ఈసీజీ తీసి ఫోన్‌లో వైద్యుడికి పంపితే ఎంత సమయం కలిసొస్తుంది, లక్షణం కనిపించాక కుటుంబం ఫోన్ చేయడానికి ఎందుకు ఆలస్యం చేస్తుంది అన్నవి ఇక్కడి ప్రశ్నలు. ఆటోలో, సొంత కారులో వెళ్లేవారి వివరాలు 108 లెక్కల్లో ఉండవు కాబట్టి ఈ ఆలస్యాన్ని ఆస్పత్రి గుమ్మం దగ్గరే కొలవాలి.

ప్రసవం, పసిబిడ్డ. ఒక ఆస్పత్రి నుంచి మరో ఆస్పత్రికి తరలించే కేసుల్లో గర్భిణులు, నవజాత శిశువులు ముఖ్యులు. రెఫర్ చేసేముందు పై ఆస్పత్రికి సమాచారం అందిందా, దారిలో రక్తస్రావాన్ని ఎలా నిలువరించారు, బిడ్డ ఒంటి వేడి నిలిచిందా అన్నవి చిన్న ఖర్చుతో కొలవగలిగే అంశాలు. ఏజెన్సీలో కాన్పు తేదీకి ముందే గర్భిణిని ఆస్పత్రికి దగ్గరగా తెచ్చి ఉంచడం ఎంతవరకు పనిచేస్తోందో తేల్చాల్సి ఉంది.

గాయాలు. జాతీయ రహదారి మీద జరిగే ప్రమాదాలతో పాటు డెల్టాకు సొంతమైన గాయాలున్నాయి. కొబ్బరి దింపు కార్మికులు, గీత కార్మికులు చెట్టు మీంచి పడితే వెన్నుపూస దెబ్బతింటుంది. చేపల, రొయ్యల చెరువుల దగ్గర ఏరేటర్ల వల్ల విద్యుదాఘాతాలు జరుగుతాయి. పడినవారిని చేతులతో ఎత్తి ఆటోలో ఇరికించడం వల్ల వెన్నుకు జరిగే నష్టమెంతో, తోటి కార్మికులకు శిక్షణ ఇస్తే అది ఎంత తగ్గుతుందో చూడవచ్చు.

ఆత్మహత్యాయత్నాలు. ఇంట్లో, చేలో చేతికందే పురుగుమందు, గడ్డిమందు ఈ కేసుల్ని ప్రాణాంతకం చేస్తాయి. ఏ మందు తాగారో సీసా చూసి నమోదు చేసే మొదటి వ్యక్తి ఈఎంటీయే. ఆ ఒక్క వివరం ఆస్పత్రిలో చికిత్సకూ, ఏ మందులను అమ్మకానికి దూరంగా ఉంచాలన్న విధాన నిర్ణయానికీ పనికొస్తుంది.

నీరు, జనసమ్మర్దం. 2015 జులై 14న గోదావరి పుష్కరాల తొలిరోజు రాజమహేంద్రవరం పుష్కరాల రేవులో తొక్కిసలాట జరిగి 27 మంది చనిపోయారు. 2019 సెప్టెంబరు 15న దేవీపట్నం మండలం కచ్చులూరు దగ్గర పర్యాటక బోటు మునిగినప్పుడు అందులో ఉన్న 77 మందిలో 26 మందే బయటపడ్డారు. సాధారణంగా విపత్తు పరిశోధన ఘటన తర్వాత మొదలవుతుంది. పుష్కరాలు పన్నెండేళ్లకోసారి ముందే తెలిసిన తేదీల్లో వస్తాయి. 2027 పుష్కరాలకు ఫారాలు, నమూనాలు, అనుమతులు ముందే సిద్ధం చేసుకుంటే ఎండదెబ్బ, ఊపిరాడకపోవడం, నీట మునగడం వంటి కేసులు ఏ రేవులో, ఏ గంటలో పెరుగుతున్నాయో ప్రత్యక్షంగా నమోదు చేయవచ్చు.

గ్యాస్, పరిశ్రమలు. 1995 జనవరిలో పాశర్లపూడి బావిలో ఎగసిన మంట రెండు నెలలకు పైగా ఆరలేదు. 2014 జూన్ 27న నగరం గ్రామంలో గ్యాస్ పైపులైను పేలి ఇరవై మందికి పైగా చనిపోయారు. 2017 మార్చిలో మొగల్తూరు దగ్గర ఆక్వా ప్లాంటులో విషవాయువు పీల్చి అయిదుగురు కార్మికులు మరణించారు. కాలిన గాయాల రోగులను ఏ ఆస్పత్రికి పంపాలి, విషవాయువు ఉన్న చోటికి సిబ్బంది ఎంత దూరం వరకు వెళ్లవచ్చు అన్నవి ఇక్కడి ప్రశ్నలు.

ముందస్తు హెచ్చరిక. 2020 డిసెంబరులో ఏలూరులో 600 మందికి పైగా ఒక్కసారిగా మూర్ఛలతో ఆస్పత్రి పాలయ్యారు. ఎయిమ్స్ పరీక్షల్లో రోగుల రక్తంలో సీసం, నికెల్ కనిపించాయి. ఒకే వీధి నుంచి ఒకే లక్షణంతో వరుసగా వచ్చే కాల్స్‌ను కంప్యూటర్ తనంతట తాను పసిగట్టగలదా అన్నది ఆ ఘటన ముందుకు తెచ్చిన ప్రశ్న. సిగ్నల్ లేని ఊళ్లకు ఈ దారి పనిచేయదు. 2017లో వై.రామవరం మండలం చాపరాయిలో 16 మంది గిరిజనులు చనిపోయాక గానీ సంగతి బయటి ప్రపంచానికి తెలియలేదు.

సిబ్బంది. 12 గంటల షిఫ్టులు, వేతనాలు, ఉద్యోగ భద్రతపై 108 ఉద్యోగులు పలుమార్లు ఆందోళనకు దిగారు. నిద్రలేమి, నడుంనొప్పి, మరణాలను రోజూ చూడటం వల్ల కలిగే మానసిక ఒత్తిడి, బంధువుల దాడులు, శిక్షణలో నేర్చింది ఎన్నాళ్లకు మరుగున పడుతుందన్న విషయం, ఇవన్నీ రోగి భద్రతతో నేరుగా ముడిపడినవి. వైద్యులు మాత్రమే జాబితా రాస్తే ఈ రంగం అట్టడుగున పడిపోయే ప్రమాదం ఉంది.

భాగస్వాములు

కాకినాడలోని రంగరాయ వైద్య కళాశాల 1958 నుంచి ఉంది. దాని బోధనాస్పత్రి ఉభయ గోదావరులకు పెద్దదిక్కు. రాజానగరంలోని జీఎస్ఎల్, అమలాపురంలోని కిమ్స్, ఏలూరులోని ఆశ్రం ప్రైవేటు రంగంలో ఉన్నాయి. రాజమహేంద్రవరం, ఏలూరుల్లో ప్రభుత్వ వైద్య కళాశాలలు 2023 సెప్టెంబరులో తరగతులు మొదలుపెట్టాయి. ఈ కళాశాలల్లో కమ్యూనిటీ మెడిసిన్ విభాగాలకు పల్లె సర్వేలు అలవాటైన పని. డెల్టా మొత్తానికి ఒక కసరత్తు చేయాలంటే ఈ కళాశాలలతో పాటు 108 నిర్వహణ సంస్థ, జిల్లా వైద్యారోగ్య శాఖ, గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏ, ఉద్యోగ సంఘాలు, ఆశా కార్యకర్తలు, మత్స్యకార సంఘాలు, స్వయం సహాయక బృందాలు ఒకే బల్ల దగ్గర కూర్చోవాలి. ప్రశ్నావళి తెలుగులో, చదువురానివారికి మాట రూపంలో, ఏజెన్సీలో కోయ భాషలో కూడా అందాలి.

సమాచారం, నైతిక నియమాలు

ప్రతి ట్రిప్పుకూ ఈఎంటీ రోగి వివరాల పత్రం నింపుతాడు. కాల్ ఎప్పుడొచ్చింది, బండి ఎప్పుడు చేరింది, నాడి, రక్తపోటు, ఇచ్చిన మందు అందులో ఉంటాయి. ఆస్పత్రిలో దింపాక రోగి వేరే కేస్‌షీటులోకి వెళ్తాడు. ఈ రెండు పత్రాలూ కలిస్తేనే ప్రాథమిక చికిత్స ఫలించిందో లేదో తెలుస్తుంది. డిజిటల్ ఆరోగ్య ఖాతా సంఖ్యలు ఈ ముడి వేయగలవు. రోగి గోప్యతకు సంబంధించి 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది.

స్పృహలేని రోగి నుంచి పరిశోధనకు సమ్మతి ఎలా తీసుకోవాలన్నది ఈ రంగపు ప్రత్యేక సమస్య. ఐసీఎంఆర్ 2017 నైతిక మార్గదర్శకాలు అత్యవసర పరిస్థితుల్లో బంధువుల సమ్మతిని, రోగి కోలుకున్నాక మళ్లీ సమ్మతి తీసుకునే పద్ధతిని చర్చిస్తాయి. ఆత్మహత్యాయత్నం, గృహహింస వంటి కేసుల్లో పల్లెటూరిలో పేరు చెప్పకపోయినా మనిషిని పోల్చుకుంటారు. ఊరి పేరు దాచడం కూడా అక్కడ గోప్యతలో భాగమే.

వివాదాంశాలు

ఉమ్మడి ప్రాధాన్యాల పద్ధతిపై కొన్ని విమర్శలున్నాయి. మొదటిది ఓట్ల లెక్క. డెల్టా పట్టణాల జనాభాతో పోలిస్తే లంకల, ఏజెన్సీ జనాభా చాలా తక్కువ. సాధారణ ఓటింగ్‌లో డోలీ, పంటు ప్రశ్నలు ఓడిపోతాయి. సీహెచ్ఎన్ఆర్ఐ తరహాలో సమానత్వానికి వేరే మార్కులు ఇవ్వడం లేదా ప్రాంతాల వారీగా వేర్వేరు జాబితాలు చేయడం దీనికి పరిష్కారాలుగా చెబుతారు. రెండోది, జనం తమకు తెలిసిన సమస్యనే అడుగుతారన్నది. ట్రానెక్సామిక్ యాసిడ్ గురించి ఏ గ్రామసభా అడగదు. అందుకే నిపుణుల జాబితాను, జనం జాబితాను విడిగా తయారుచేసి కలపాలన్న సూచన ఉంది. మూడోది, నిర్వాహక సంస్థ తన పనితీరును తానే పరిశోధించుకుంటే ఫలితం మీద నమ్మకం ఎంత అన్నది. సమాచారాన్ని ప్రభుత్వ ఆధీనంలో ఉంచి, స్వతంత్ర పరిశోధకులకు అందుబాటులో పెట్టాలనే షరతును టెండరులోనే రాయాలని ఈ విమర్శ చేసేవారు కోరతారు.

నాలుగోది, జాబితా తర్వాతి సంగతి. పరిశోధన చేయగల పారామెడిక్‌లు లేకపోతే ప్రశ్నలు మళ్లీ బయటివారి చేతుల్లోకే వెళ్తాయి. 2021 చట్టం కింద రూపొందే డిగ్రీ కోర్సుల్లో పరిశోధనా పద్ధతులు బోధించడం, ఉద్యోగంలో ఉన్న ఈఎంటీలకు వేతనంతో కూడిన పరిశోధనా సెలవు ఇవ్వడం, ఫలితాలు తెలుగులో సమాచారం ఇచ్చినవారికే తిరిగి చెప్పడం ఇందుకు అవసరమైన కనీస ఏర్పాట్లు. జాబితాకు కాలపరిమితి కూడా ఉండాలి. డెల్టాలో వంతెన కడితే, ఆస్పత్రి వస్తే, ఏటి గట్టు తెగితే అత్యవసర వైద్యం స్వరూపమే మారుతుంది. కనుక అయిదేళ్లకోసారి ప్రశ్నలను కొత్తగా అడగకపోతే జాబితా ఫైలులో కాగితంగా మిగిలిపోతుంది.